120 మి.మీ. అక్రోమాట్‌లో ఊదా అంచు: ఫిల్టర్ల ప్రాజెక్టు డైరీ

పరికరం, పని

మాది లెన్స్ టెలిస్కోప్: 120 మి.మీ. లెన్స్, 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్, ఎఫ్/8.3 (ఫోకల్ లెంగ్త్‌ను లెన్స్ వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య). రంగు దోషం తగ్గించడానికి క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులు జతచేసిన మామూలు అక్రోమాట్ ఇది. చంద్రుడి అంచున, గురుగ్రహం చుట్టూ, సిరియస్, అభిజిత్ లాంటి ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ దీనిలో ఊదా రంగు కనిపిస్తుంది. దాన్ని ఫిల్టర్లతో ఎంతవరకు తగ్గించవచ్చు, తగ్గించినందుకు ఏం వదులుకోవాలి అన్నది తేల్చడమే పని.

ఫిల్టర్ లెన్స్ దోషాన్ని సరిచేయదు. ఫోకస్‌కు రాని కాంతిని కంటిదాకా రానివ్వదు, అంతవరకే. అందుకే ప్రతి ఫిల్టర్‌నూ రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగాం: ఊదా పోయిందా? వివరం పెరిగిందా? ఈ రెండిటికీ ఒకే జవాబు వచ్చిన ఫిల్టర్లు తక్కువ.

ముందు లెక్క

కాగితం మీద లెక్క వేసుకోకుండా ఫిల్టర్లు కొంటే డబ్బు దండగ. బీకే7 (క్రౌన్), ఎఫ్2 (ఫ్లింట్) వంటి గాజులతో చేసిన జంట లెన్స్‌లో 656 నానోమీటర్ల ఎరుపు, 486 నానోమీటర్ల నీలం ఒకే చోట ఫోకస్ అవుతాయి. పసుపు, ఆకుపచ్చ వాటికంటే కాస్త ముందు, లెన్స్ వైపు ఫోకస్ అవుతాయి. ఈ ఎడం ఫోకల్ లెంగ్త్‌లో సుమారు రెండువేలో వంతు. మన 1000 మి.మీ. గొట్టానికి అది 0.5 మి.మీ. అదే 436 నానోమీటర్ల ఊదా అయితే ఆకుపచ్చ కంటే రెండు మి.మీ. పైచిలుకు వెనక పడుతుంది.

0.5 మి.మీ. తక్కువే కదా అనిపించవచ్చు. ఎఫ్/8.3 దగ్గర ఆకుపచ్చ కాంతికి ఫోకస్ లోతు, అంటే పదును చెడకుండా ఫోకస్ జరగగల హద్దు, అటూ ఇటూ 0.076 మి.మీ. మాత్రమే. అంటే ఆకుపచ్చకు ఫోకస్ చేసినప్పుడు ఎరుపు, నీలం ఆ హద్దుకు ఆరేడు రెట్లు బయట ఉన్నాయి.

ఇదే లెక్కను ఆకాశంలో ఆర్క్ సెకన్లలోకి (డిగ్రీలో 3600వ వంతు) మార్చితే అసలు సంగతి తెలుస్తుంది. ఈ లెన్స్‌కు ఆకుపచ్చలో ఎయిరీ బిళ్ల, అంటే పదునుగా ఫోకస్ చేసినా నక్షత్రం కనిపించే అతి చిన్న చుక్క, వ్యాసం 2.3 ఆర్క్ సెకన్లు. 486, 656 నానోమీటర్ల కాంతి 12 ఆర్క్ సెకన్ల మచ్చగా పరుచుకుంటుంది. 436 ఊదా మచ్చ 50 ఆర్క్ సెకన్లు దాటుతుంది. గురుగ్రహం భూమికి దగ్గరగా వచ్చినప్పుడు దాని బిళ్ల కూడా 45 నుంచి 50 ఆర్క్ సెకన్లే. గురుడి మీది ప్రతి బిందువు నుంచీ వచ్చే ఊదా, గురుడంత మచ్చగా పరుచుకుంటోందన్నమాట. కనబడే ఊదా వలయం అదే.

ఇక కన్ను. పగటి చూపుకు 555 నానోమీటర్ల దగ్గర సున్నితత్వం 1 అనుకుంటే, 486 దగ్గర అది సుమారు 0.18, 656 దగ్గర 0.07, 436 దగ్గర 0.02. ఊదా మచ్చ చాలా పెద్దది, కానీ చాలా పలచన. నల్లటి ఆకాశం పక్కన ఉంటుంది కాబట్టి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గురుడి పట్టీల అంచులను మసకబార్చేది మాత్రం ఎక్కువగా నీలం, ముదురు ఎరుపు. అవి కంటికి ఊదా కన్నా ఎన్నో రెట్లు బలంగా తగులుతాయి, మచ్చ కూడా వివరాల కొలతలోనే ఉంటుంది. ఊదాను మాత్రమే కోసే ఫిల్టర్ చూడముచ్చటగా చేస్తుంది, వివరం కొంచెమే పెంచుతుంది. ఫిల్టర్లన్నిటినీ ఈ అంచనాతోనే పరీక్షకు పెట్టాం.

లెన్స్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, ఎఫ్ నిష్పత్తి దానికి కనీసం మూడు రెట్లు ఉండాలని సిడ్జ్‌విక్ ప్రమాణం, ఐదు రెట్లు ఉండాలని కాన్రాడీ ప్రమాణం చెబుతాయి. 120 మి.మీ. అంటే 4.7 అంగుళాలు. మొదటిదానికే ఎఫ్/14 కావాలి, మనది ఎఫ్/8.3. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ 15 అంగుళాల గ్రబ్ రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్) కొలతకు ఇదే లెక్క వేస్తే గొట్టం 17 మీటర్లు రావాలి. అంత పెద్ద లెన్సులకు ఆ ప్రమాణం అందేది కాదు. అమెరికాలోని యెర్క్స్ 40 అంగుళాల రిఫ్రాక్టర్ గొట్టం 19 మీటర్లున్నా ఎఫ్/19 దగ్గరే ఆగింది. కంటి చూపు కోసం చేసిన ఆ లెన్స్‌తో జార్జ్ రిచీ 1900 ప్రాంతంలో చంద్రుడి ఫొటోలు తీసినప్పుడు, పసుపు ఫిల్టర్‌ను, పసుపు–ఆకుపచ్చకు స్పందించే ప్లేట్లను కలిపి వాడాడు. ఇప్పుడు మనం 1.25 అంగుళాల రింగులో బిగించేది కూడా ఆ పద్ధతే.

కనబడేది ఏ రంగు అంచు?

ఫిల్టర్ బిగించే ముందు ఈ పరీక్ష తప్పనిసరి. రంగు అంచులన్నీ లెన్స్‌వి కావు.

నక్షత్రాన్ని సరిగ్గా దృశ్యం మధ్యకు తెచ్చి చూడాలి. రంగు చుట్టూ సమానంగా ఉంటే అది లెన్స్ రంగు దోషం. మధ్యలో లేకుండా అంచుకు జరిపినప్పుడే వస్తే ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) దోషం. దానికి ఫిల్టర్ కన్నా వేరే ఐపీస్ మేలు. పైన నీలం, కింద ఎరుపుగా ఒకే దిశలో ఉంటే అది వాతావరణం చేసే పని. క్షితిజానికి 30 డిగ్రీల ఎత్తులో ఈ విడిపోవడం రెండు ఆర్క్ సెకన్లు దాటుతుంది, అంటే మన ఎయిరీ బిళ్లంత. సాయంత్రం పడమట కిందికి దిగిన శుక్రుడి మీద కనిపించే రంగులో చాలా భాగం ఇదే. లెన్స్ మీద తీర్పు చెప్పడానికి శుక్రుడు పనికిరాడు. సిరియస్ మన తెలుగు నేల మీద మధ్యాహ్న రేఖ దాటేటప్పుడు 55 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అభిజిత్ ఇంకా పైకి, సుమారు 68 డిగ్రీల ఎత్తుకు, ఉత్తరం వైపు వస్తుంది. ఈ రెండూ మంచి పరీక్షా నక్షత్రాలు.

నాలుగోది డయాగనల్, అంటే చూడటానికి వీలుగా కాంతిని పక్కకు తిప్పే ముక్క. గొట్టంతో పాటు వచ్చే 45 డిగ్రీల నిటారు బొమ్మ ప్రిజం, నక్షత్రానికి అడ్డంగా ఒక గీత వేస్తుంది, కాస్త రంగూ కలుపుతుంది. దాన్ని తీసి ఐపీస్‌ను నేరుగా ఫోకసర్‌లో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఈ స్థితిలో ఫోకస్ అందకపోతే మధ్యలో ఎక్స్‌టెన్షన్ గొట్టం వేయాలి. ఈ ప్రాజెక్టులో ఇక ముందంతా 90 డిగ్రీల అద్దం డయాగనలే వాడాం.

నక్షత్రం ఫోకస్‌కు అటూ ఇటూ మూడు మూలలుగా కనిపిస్తే, లెన్స్‌ను దాని చట్రంలో (సెల్) పట్టి ఉంచే రిటైనింగ్ రింగ్ గట్టిగా బిగుసుకుని గాజును నొక్కుతోందని అర్థం. రింగును కొద్దిగా వదులు చేయాలి, సెల్‌ను కదిపితే లెన్స్ లోపల అతి సన్నగా ఆడేంత. రెండు లెన్సుల మధ్యనున్న మూడు పలచని రేకు ముక్కలను కదపకూడదు. వాటి మందం మారితే రంగు సవరణే మారిపోతుంది.

ఫిల్టర్‌ను కొలవడం

రింగు మీద ఉన్న నంబరును (ఫిల్టర్ రంగును చెప్పే రాటెన్ నంబరు) నమ్మి ఊరుకోకూడదు. ఒకే 8 నంబరు వేసిన చవక ఫిల్టర్లు రెండు చేతికొస్తే రెండు రకాల పసుపు కనిపించడం మామూలే. ఇంట్లోనే తేల్చే దారి ఉంది. తెల్ల ఎల్‌ఈడీ టార్చి వెలుగును సన్నని చీలిక గుండా పంపి పాత సీడీ మీద ఏటవాలుగా పడేలా చేస్తే రంగుల పట్టీ వస్తుంది. ఎల్‌ఈడీకి 450 నానోమీటర్ల దగ్గర బలమైన నీలం శిఖరం ఉంటుంది, 480 దగ్గర ఒక లోయ, ఆ తర్వాత విశాలమైన ఆకుపచ్చ–పసుపు. చీలిక ముందు ఫిల్టర్ పెట్టినప్పుడు ఆ నీలం శిఖరం పూర్తిగా పోయిందా, సగం మిగిలిందా, అసలు తగ్గలేదా అన్నది చూసి రాసుకోవాలి. ఊదాను మాత్రమే కోసే ఫిల్టర్‌లో శిఖరం కొంత మిగులుతుంది. అసలైన 8 నంబరులో పోతుంది.

రెండో పరీక్ష గాజు ముఖాల సమాంతరత. దూరంగా వెలిగే చిన్న బల్బు ప్రతిబింబాన్ని ఫిల్టర్ మీద చూడాలి. ముందు ముఖం, వెనక ముఖం ఇచ్చే రెండు ప్రతిబింబాలు ఒకదానిమీద ఒకటి పడాలి. విడిపోతే గాజు ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా ఉందని అర్థం. నక్షత్రాన్ని చూస్తూ ఫిల్టర్‌ను తిప్పినప్పుడు బొమ్మ వలయంగా కదిలినా అదే దోషం. అలాంటి ఫిల్టర్ పెద్ద మాగ్నిఫికేషన్‌కు పనికిరాదు.

ఫిల్టర్లను పోల్చడానికి ప్రతిసారీ మరలు విప్పి బిగిస్తే అంతలో గాలి మారిపోతుంది, కళ్లూ మునుపటి బొమ్మను మరచిపోతాయి. మొదటి వడపోతకు సులువైన దారి: ఫిల్టర్‌ను ఐపీస్‌కూ కంటికీ మధ్య చేత్తో అడ్డుపెట్టి తీయడం. కాంతిని కోసే పని ఎక్కడ పెట్టినా ఒకటే. ఒకటి రెండు సెకన్లలోనే ఉన్నదీ లేనిదీ పోల్చవచ్చు, ఫోకస్ కూడా జరగదు. నెగ్గిన ఫిల్టర్లనే ఆ తర్వాత మర బిగించి చూశాం.

ఒకరికి కనిపించిన ఊదా ఇంకొకరికి కనిపించకపోవచ్చు. వయసుతో కంటి కటకం పసుపు తిరిగి ఊదాను తనే ఆపుతుంది. అందుకే వయసులో తేడా ఉన్న ఇద్దరు చూసి విడివిడిగా రాసుకుంటే తీర్పు మీద నమ్మకం ఉంటుంది.

ఫిల్టర్ల వారీగా

లేత పసుపు, రాటెన్ 8. కాంతి 83 శాతం వస్తుంది. ఊదా, ముదురు నీలం దాదాపు పూర్తిగా ఆగుతాయి, 486 దగ్గరి నీలం సగం తగ్గుతుంది. చంద్రుడి అంచున ఊదా గీత మాయమై, సన్నని లేత పసుపు–ఆకుపచ్చ మిగులుతుంది. పగలు–రాత్రి హద్దు దగ్గర గుంటల నీడలు నల్లగా, గట్టిగా వస్తాయి. ధరకు తగ్గ ఫలితంలో దీనిని మించింది ఈ జాబితాలో లేదు. ఒక్కటే కొనగలిగితే ఇదే కొనాలి.

పసుపు 12, ముదురు పసుపు 15. వరుసగా 74, 67 శాతం. 500 నానోమీటర్ల కింద ఉన్నదంతా పోతుంది. అంచులు 8 కన్నా కాస్త పదునుగా ఉంటాయి. కానీ చంద్రుడు నిమ్మపండులా మారిపోతాడు. గురుడి మీద ఎర్ర మచ్చకూ చుట్టూ ఉన్న లేత ప్రాంతానికీ తేడా తగ్గుతుంది. ఆ మచ్చ చుట్టుపక్కల కన్నా ముదురుగా కనిపించేదే నీలం, ఆకుపచ్చల్లో. నీలాన్ని తీసేస్తే మచ్చ వెలిసిపోతుంది. మచ్చ చూడాలంటే ఈ ఫిల్టర్లు వద్దు.

పసుపు–ఆకుపచ్చ 11, లేత ఆకుపచ్చ 56. వరుసగా 78, 53 శాతం. వివరం ప్రశ్నకు గట్టిగా అవునని జవాబు ఇచ్చినవి ఇవే. నీలంతో పాటు ముదురు ఎరుపునూ తగ్గిస్తాయి కాబట్టి మిగిలే కాంతి లెన్స్ బాగా ఫోకస్ చేసే పట్టీలోనే ఉంటుంది. 125 రెట్ల దగ్గర 56 పెట్టి చూస్తే గురుడి పట్టీల అంచుల్లో ఒడిదుడుకులు పసుపు ఫిల్టర్లలో కన్నా తేలిగ్గా పట్టుబడ్డాయి, ఎర్ర మచ్చ కూడా నిలబడింది. సగం కాంతి పోవడం 120 మి.మీ. లెన్స్‌కు గురుడి మీద భారం కాదు. 70 మి.మీ. గొట్టానికి మాత్రం భారమే, అక్కడ 11 చాలు. ముదురు ఆకుపచ్చ 58 అయితే 24 శాతమే వదులుతుంది. చంద్రుడికి తప్ప దీనికి పని లేదు.

బాడర్ కంపెనీ ఫ్రింజ్ కిల్లర్, సెమీ అపో, కాంట్రాస్ట్ బూస్టర్. మూడూ పూతతో చేసిన ఫిల్టర్లు. ఫ్రింజ్ కిల్లర్ ఊదాను కోస్తుంది, రంగుల సమతూకాన్ని 8 నంబరు కన్నా బాగా కాపాడుతుంది. చంద్రుడు తెల్లగానే ఉంటాడు. సెమీ అపో అంటే దానికి నియోడిమియం గాజు కలిపింది. నియోడిమియం 585 నానోమీటర్ల దగ్గరి పసుపును మింగుతుంది, ఎరుపు–గోధుమ రంగులు విడివిడిగా తేలతాయి. పాత సోడియం దీపాల వెలుగును కూడా ఇది తగ్గించేది. మన పట్టణాల్లో వీధి దీపాలు ఎల్‌ఈడీకి మారాక ఆ లాభం చాలావరకు పోయింది. కాంట్రాస్ట్ బూస్టర్ నీలాన్ని ఇంకా గట్టిగా కోస్తుంది, పసుపు ఛాయ తెలుస్తుంది, పదును కూడా మూడిటిలో దానిదే ఎక్కువ. ఇంటికి వచ్చినవాళ్లకు చంద్రుణ్ణి చూపించడానికి ఫ్రింజ్ కిల్లర్, గురుడి మీద కూర్చుని బొమ్మ గీయడానికి కాంట్రాస్ట్ బూస్టర్ లేదా 56 అన్నది మా ఎంపిక. ధరలో ఇవి 8 నంబరుకు ఎన్నో రెట్లు. అంత తేడాకు తగ్గ వివరం అదనంగా రాదు, వచ్చేది సహజమైన రంగు.

నారింజ 21. 46 శాతం. అంగారకుడికి మాత్రమే. ఆ గ్రహమే ఎర్రన కాబట్టి పోయేది తక్కువ, నల్లటి ప్రాంతాలు బాగా తేలతాయి.

ఆల్బిరియో లాంటి రంగుల జంట నక్షత్రాలకూ, నక్షత్ర గుచ్ఛాలకూ, గెలాక్సీలకూ ఏ ఫిల్టరూ పెట్టలేదు. మసక వస్తువుల్లో ఊదా కంటికి అందదు. అక్కడ ఫిల్టర్ పెడితే కాంతి నష్టమే.

బిగింపు సంగతులు

1.25 అంగుళాల ఫిల్టర్ మర ఎం28.5, 0.6 మి.మీ. పిచ్. 2 అంగుళాలది ఎం48, 0.75 పిచ్. ఈ రెండోది 48 మి.మీ. కెమెరా ఫిల్టర్ మరే. కెమెరా దుకాణాల్లో నలుపు–తెలుపు ఫొటోలకు అమ్మే కే2 పసుపు ఫిల్టర్ రాటెన్ 8కు సమానం. 49 లేదా 52 మి.మీ. సైజు దొరికితే ఒక స్టెప్ రింగుతో 48కి దించుకోవచ్చు. 2 అంగుళాలది డయాగనల్ ముక్కుకు బిగిస్తే ఐపీస్ మార్చినప్పుడల్లా విప్పే పని ఉండదు.

2 మి.మీ. మందం గాజు ఫోకస్‌ను సుమారు 0.7 మి.మీ. వెనక్కి నెడుతుంది. ఫోకస్ లోతు 0.076 అని పైన చూశాం. కాబట్టి ఫిల్టర్ బిగించాక మళ్లీ ఫోకస్ చేయకుండా పోలిస్తే ఆ పోలిక చెల్లదు. ఫిల్టర్ పెట్టగానే బొమ్మ మసకబారిందని పక్కన పడేసేవాళ్లలో చాలామంది విషయంలో జరిగేది ఇదే.

పూత ఫిల్టర్ల కోత ఏటవాలు కాంతికి నీలం వైపు జరుగుతుందని విని కొందరు ఫాస్ట్ గొట్టాలకు (ఎఫ్ సంఖ్య తక్కువున్నవాటికి) భయపడతారు. ఎఫ్/5 దగ్గర కూడా అంచు కిరణం వాలు ఆరు డిగ్రీల లోపే, కోత జరిగేది ఒక నానోమీటరు. దీని గురించి ఆలోచించనక్కరలేదు.

లైటింగ్ జెల్ కాగితాలు (దీపాలకు అడ్డుపెట్టే రంగు ప్లాస్టిక్ రేకులు) కత్తిరించి లెన్స్ ముందు పెట్టకూడదు, బొమ్మ చెదిరిపోతుంది. ఫోకస్‌కు దగ్గరగా, తక్కువ మాగ్నిఫికేషన్‌లో రంగు ప్రభావం చూడ్డానికి మాత్రం పనికొస్తాయి.

సూర్యుడి విషయం: పైన చెప్పిన ఏ ఫిల్టరూ, వాటి ఏ జతా సూర్యుణ్ణి చూడటానికి పనికిరాదు. లెన్స్ ముందు పూర్తిగా కప్పే సోలార్ ఫిల్మ్ లేకుండా గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పకూడదు. చవక సెట్లలో ఐపీస్‌కు బిగించే చిన్న సూర్య ఫిల్టర్ వస్తే సుత్తితో పగలగొట్టి పారేయండి. వేడికి అది చూస్తుండగానే పగిలిపోగలదు. ముందు ఫిల్మ్ ఉన్నప్పుడు, ఐపీస్ వైపు 540 నానోమీటర్ల దగ్గర సన్నని పట్టీనే వదిలే బాడర్ సోలార్ కంటిన్యుమ్ బిగిస్తే సూర్యమచ్చల చుట్టూ వివరం చాలా మెరుగవుతుంది. అక్రోమాట్ తన లెన్స్ ఇవ్వగలిగిన పూర్తి పదును ఇచ్చేది అక్కడే. దాదాపు ఒకే రంగు మిగిలాక రంగు దోషానికి చోటే లేదు.

మాస్క్

ఫిల్టర్‌తో పోల్చడానికి 80 మి.మీ. రంధ్రమున్న మాస్క్ చేశాం. 5 మి.మీ. నల్ల ఫోమ్ షీట్, డ్యూ షీల్డ్ (లెన్స్ ముందు మంచు పట్టకుండా ఉండే తొడుగు) లోపలికి బిగుతుగా దిగేలా గుండ్రంగా కోసి, మధ్యలో రంధ్రం. అంచుల్లో పీచు లేకుండా కొత్త బ్లేడుతో కోయాలి. ఇప్పుడు గొట్టం ఎఫ్/12.5. ఎరుపు, నీలం మచ్చ 12 నుంచి 8 ఆర్క్ సెకన్లకు, ఊదా మచ్చ సుమారు 36కు దిగుతాయి. ఎయిరీ బిళ్ల 2.3 నుంచి 3.5కు పెరుగుతుంది. సిడ్జ్‌విక్, కాన్రాడీ ప్రమాణాల మధ్యకు వచ్చేశాం. బొమ్మ శుభ్రంగా ఉంటుంది, అయితే లెన్స్‌లో సగానికి పైగా వైశాల్యం పోయింది, మరీ దగ్గరి జంట నక్షత్రాలు ఇక విడివిడిగా కనిపించవు. గాలి బాగా ఆడుతున్న రాత్రి మాస్క్ నెగ్గింది. గాలి నిలకడగా ఉన్న రాత్రి పూర్తి లెన్స్, 56 ఫిల్టర్ నెగ్గాయి.

కెమెరా

సెన్సర్‌కు ఊదా మీద కంటికున్న అలక్ష్యం లేదు, పరారుణాన్ని కూడా పట్టుకుంటుంది. రంగు గాజు పసుపు ఫిల్టర్లు పరారుణాన్ని ఆపవు. కాబట్టి కెమెరాకు ముందుగా యూవీ–ఐఆర్ కట్ (అతినీల, పరారుణ కాంతులను ఆపే ఫిల్టర్) ఉండాలి, దానిమీద పసుపు. ఆస్ట్రోనమిక్ కంపెనీ అలాంటి ఫిల్టర్ ఎల్‌3 సుమారు 420 నుంచి 680 నానోమీటర్ల వరకే వదులుతుంది, అక్రోమాట్‌కు ఎల్‌1, ఎల్‌2 కన్నా అదే తగినది. నీలం చానెల్‌లో నక్షత్రాలు అప్పటికీ లావుగానే వస్తాయి. గ్రహాలకు, చంద్రుడికి మేలైన దారి: ఆకుపచ్చ చానెల్ చూసే ఫోకస్ చేసి, వీడియోను చానెళ్లుగా విడదీసి, ఆకుపచ్చను వెలుగు పొరగా, మూడు చానెళ్లను పలచని రంగు పొరగా కలపడం. చంద్రుడికైతే ఆకుపచ్చ ఒక్కటే ఉంచి నలుపు–తెలుపు చేస్తే చాలు.

ఇప్పటి స్థితి, మిగిలిన పని

డయాగనల్ ముక్కుకు 2 అంగుళాల రాటెన్ 8 శాశ్వతంగా ఉంది. మసక వస్తువులకు మాత్రమే తీస్తాం. 1.25 అంగుళాల 56 విడిగా 8 మి.మీ. ఐపీస్‌కు సిద్ధంగా ఉంది, దాన్ని వాడేటప్పుడు 8ని తీసేస్తాం. కోస్తాలో తేమకు పూతల మీద బూజు పడుతుంది కాబట్టి ఫిల్టర్లన్నీ సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో, జెల్ రంగు మారగానే వేయించి మళ్లీ వేస్తూ, ఉంచుతున్నాం.

తర్వాతి పని మోనో (నలుపు–తెలుపు) కెమెరాతో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల ఫోకస్ స్థానాలను డయల్ గేజ్‌తో కొలవడం. ఫోకసర్ డ్రాట్యూబ్‌కు గేజ్ బిగించే క్లాంపు తయారైంది. నీలం 486 దగ్గర ఫోకస్ ఆకుపచ్చకు 0.5 మి.మీ. వెనక ఉందా, లేక ఈ లెన్స్ జతలో ఎరుపు వైపో నీలం వైపో సవరణ ఒరిగి ఉందా అన్నది అక్కడ తేలుతుంది. ఎరుపు వైపు ఎక్కువ మసక ఉన్నట్టు తేలితే 8 స్థానంలో 11 వస్తుంది.